కోనులో మిగిలిన క్రీము

బల్ల కాలి కింద అట్టముక్క పెట్టడం అది మూడోసారి. అయినా కేకు మీద అక్షరాలు పక్కకి ఒరిగిపోతూనే ఉన్నాయి. అమ్మమ్మ బల్లను దుమ్మెత్తిపోసింది. యాభై ఏళ్ళు బేకరీలో కేకుల మీద పేర్లు రాసిన చెయ్యి ఆమెది, తప్పు తనదంటే ఎలా ఒప్పుకుంటుంది? పైగా వారంలో మనవరాలి పుట్టినరోజు. ఏటా ఆ పేరు తనే రాయాలి.

కూతురు స్కేలు పెట్టి చూస్తే బల్ల సమంగానే ఉంది. తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ గళ్ళ కాగితం చూపించి, గీతలెలా ఉన్నాయని అడిగింది.

"వంకరగా ఉన్నాయి. మీ కాగితాన్ని ఎవరో నలిపేశారు."

డాక్టరమ్మ నవ్వలేదు. "వయసులో ఉన్నప్పుడు ఒళ్ళెలా ఉండేదమ్మా?" అంది.

అమ్మమ్మ ముఖం విప్పారింది. పదహారేళ్ళకు పనిలో చేరినప్పుడు, బొద్దుగా ఉండేదని అందరూ ఆమెను గుమ్మడి అనేవారు. అక్షరాలు పిండే కోనులో మిగిలిన క్రీము, పేరు రాసినవాళ్ళదే. రోజుకు ఇరవై కేకులు! పొయ్యి వేడి, వెన్న వాసన, ముక్కుకి క్రీమంటిందని పకపకలు. ముప్పై నిండకుండానే షుగరొచ్చింది. గుండ్రాయిలా ఉన్నాను, నాకేమవుతుందిలే అనుకుని మాత్ర మింగి, మళ్ళీ కోను నాకేది. ఎంత బాగుండేవి ఆ రోజులు!

"కాగితం బాగానే ఉందమ్మా, మీ కంటి వెనక పొర దెబ్బతింది. దానికి మీరు చెప్పినదొక్కటే కారణమనలేను," అంది డాక్టరమ్మ. "కానీ అప్పటి లావూ, షుగరూ ముసలితనంలో కంటిమీద పడతాయమ్మా. పోయిన చూపు రావడం కష్టం. ఉన్నది కాపాడుకుందాం."

పుట్టినరోజు పొద్దున అమ్మమ్మ కోను పట్టుకుంది. చెయ్యి వణకలేదు కానీ గీత నిలవలేదు. రాసింది గీకేసింది. మళ్ళీ రాసి మళ్ళీ గీకేసింది. పక్కనే మనవరాలు అలవాటుగా నోరు తెరుచుకుని నిలబడింది, మిగిలిన క్రీము కోసం. అమ్మమ్మకి కోను నాకిన తన పదహారేళ్ళు గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ముద్దు చేయడమంటే ఆ కోను నోటికందించడమే అనుకుంది.

"నోరు కాదే, చెయ్యి చాపు," అని కోను పిల్ల చేతిలో పెట్టింది.

పిల్ల నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి తన పేరు తనే రాసుకుంది.

"ఎలా వచ్చిందే?"

"వంకరటింకరగా వచ్చింది అమ్మమ్మా."

అమ్మమ్మ వంగి చూసింది. నవ్వూ ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు.

"నాకూ అలాగే కనబడుతోందే!"

మిగిలిన క్రీమును ఇద్దరూ కలిసి కుళాయి కింద కడిగేశారు.