సుందరరావు మాస్టారి జవాబు

ఆదివారం ఆరాధన ముగిసి జనం చర్చి మెట్లు దిగుతున్నారు. కళింగపట్నం నుంచి తొలి బస్సుకు శ్రీకాకుళం వచ్చిన అన్నమ్మ, డ్రిల్లు మాస్టారు సుందరరావు కోసం గేటు దగ్గరే నిలబడి ఉంది.

“సారూ, మా గుంటడు పినాంగు నుండి వొచ్చీసినాడు,” అంది.

మాస్టారి ముఖం చేటంత అయింది. “ఏసురాజే? ఎప్పుడొచ్చేడు? నాకో ముక్కయినా రాయలేదేటి?”

“గురువారం వొచ్చినాడు. కాలీడుస్తన్నాడు సారూ.”

ఏ కాలు అని ఆయన అడగలేదు. ఆయనకు తెలుసు.

మాస్టారు పనిచేసే మిషను స్కూల్లో చదువుకునే రోజుల్లో ఏసురాజు నాగావళి ఇసుకలో ఉత్తకాళ్లతో బంతి తన్నేవాడు. వాడు ఎడమ కాలితో కొడితే బంతి గోల్‌కీపరు చేతికి అందేటట్టే వచ్చి, ఆఖర్న పక్కకు తిరిగిపోయేది. అలాంటి కాలు మాస్టారు అంతకుముందు చూడలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయనకూ మద్రాసు జట్టు నుంచి పిలుపొచ్చింది. తండ్రి పెళ్లి ముహూర్తం పెట్టి కదలనివ్వలేదు. ఇరవై ఏళ్లయినా ఆ కడుపుమంట చల్లారలేదు. అందుకే మలేషియాలోని పినాంగు రేవులో గుమాస్తాగా ఉన్న బావకు ఉత్తరం మీద ఉత్తరం రాశారు. అక్కడొక రేవు కంపెనీకి ఫుట్‌బాల్ జట్టు ఉంది. పేరుకు గిడ్డంగిలో ఉద్యోగం, చేసే పని ఆట, జీతం ఆటకే. 1964లో ఏసురాజును ఓడ ఎక్కించింది మాస్టారే. వాడి తల్లి అన్నమ్మ ఏడుస్తుంటే, “చేపల వేటకి సముద్రం మీదకి పంపినప్పుడు లేని భయం ఆటకి పంపితే ఏటే?” అని కసిరిందీ ఆయనే.

మొదటి ఏడు, బూట్లు కరిచి కాళ్లు పుళ్లు పడ్డాయని రాశాడు. రెండో ఏడు పత్రికలోంచి కత్తిరించిన ముక్క ఒకటి పంపాడు. చీనా అక్షరాల మధ్య వాడి బొమ్మ. రెండు కాళ్లూ నేలకు అంటకుండా గాలిలో ఉన్నాడు. మాస్టారు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని టీ దుకాణంలో, హెడ్మాస్టరు గదిలో, పెళ్లి పందిళ్లలో విప్పి చూపించారు. అన్నాళ్లూ ఈల మాస్టారని నవ్వినవాళ్లు కుర్చీ జరిపి కూర్చోమనసాగారు.

1967 వానాకాలంలో ఆ ఉత్తరం వచ్చింది. మోకాలు వాచిందనీ, సూదిమందు వేసి ఆటకు దింపుతున్నారనీ, మందు బలం దిగాక మెట్లు ఎక్కలేకపోతున్నాననీ రాశాడు. డాక్టరు ఆట ఆపమంటున్నాడు. ఆపితే ఇంటికి పంపేస్తానని మేనేజరు అంటున్నాడు. పెద్ద పోటీ ఇంకో నెల రోజుల్లో ఉంది. “మీరేటి సెయ్యమంటే అదే సేస్తాను సారూ,” అని కింద రాశాడు.

మాస్టారు ఆ సాయంత్రమే జవాబు రాశారు. జిల్లా పేరంతా నీ కాలి మీద ఉందన్నారు. నొప్పి లేని ఆటగాడు ఎక్కడైనా ఉన్నాడా, ఓర్చుకో అన్నారు. రాస్తున్నంతసేపూ ఆయన కళ్ల ముందు ఉన్నది ఏసురాజు మోకాలు కాదు, టీ దుకాణంలో జనం.

ఆ పోటీలోనే మోకాలు పూర్తిగా పోయింది. కంపెనీ వాడితో రెండేళ్లు నిజంగానే గిడ్డంగిలో బస్తాలు మోయించి, వెనక్కి ఓడెక్కించింది.

సోమవారం మాస్టారు సెలవు పెట్టి, ఏసురాజును విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

“వాచిన మొదట్లోనే ఆట ఆపి ఉంటే కాలు దక్కేది,” అన్నాడు. “ఇప్పుడు చెయ్యడానికేం లేదు. వయసు పెరిగేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది.”

బయట వేపచెట్టు కింద అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. మాస్టారు ఇక ఉండబట్టలేక అడిగేశారు.

“ఒరే, ఆ రోజు నేను వచ్చీమని రాసుంటే వచ్చీసేవాడివేట్రా?”

ఏసురాజు తల ఊపాడు. “వొచ్చీమంటారనే అనుకున్నాను సారూ. పెట్టె సర్దుకోని కూకున్నాను. ఇరవై దినాలు మీ ఉత్తరం కోసం సూసినాను.”

“నాకేటి తెలుసురా? అంత దూరం నుంచి నాకేటి కనబడతాది? నీకు నువ్వే వచ్చీకూడదా?”

“మీరు వొద్దన్నాక ఎలాగొస్తాను సారూ?”

ఆ మాటలో కోపం లేదు. డ్రిల్లు క్లాసులో పేరు పిలిస్తే పలికినట్టు పలికాడు. మాస్టారు పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నారు. తిట్టి ఉంటే బాగుండును. చెంప మీద ఒక్కటి కొట్టినా బాగుండును.

స్కూల్లో వాడికేదైనా పని ఇప్పించాలని మాస్టారు తిరిగారు. పరీక్షలూ సర్టిఫికెట్లూ లేనిదే కుదరదన్నారు. పరాయి దేశంలో ఆడిన ఆటకు ఇక్కడ లెక్కే లేదు. చివరికి కళింగపట్నం ఒడ్డున ఎండుచేపలకు కాపలా పని దొరికింది. ఏసురాజు కాలు చాపుకుని కూర్చుని, కర్రతో కాకుల్ని తోలుతాడు.

ప్రతి శనివారం మాస్టారు బస్సెక్కి వాడి దగ్గరకు వెళ్లేవారు. నూనె సీసా తీసుకెళ్లేవారు, లేకపోతే పళ్లు. ఆ ఉత్తరం మాట ఎత్తి, మధ్యలోనే పైపంచెతో కళ్లు తుడుచుకునేవారు. ఏసురాజు ఆయన చెయ్యి పట్టుకుని, “పోనీండి సారూ, పెద్ద నొప్పేటి లేదు,” అనేవాడు. నొప్పి ఉందని వాడు దవడ బిగించిన తీరులోనే తెలిసేది.

మార్చి నెలలో ఒక శనివారం, ఆయన బస్సు దిగి ఇసుకలో నడిచి వస్తుంటే ఏసురాజు కర్ర ఊతంతో లేచి ఎదురొచ్చాడు.

“సారూ, ఒక మాట సెప్తాను, ఏటనుకోకండి. ఇంక మీరు రావొద్దు.”

“ఏటిరా?”

“మీరొచ్చినప్పుడల్లా మీకు నేనే ధైర్యం సెప్పాలొస్తన్నాది. నాకు నేను సెప్పుకోడానికే సాలట్లేదు సారూ.”

మాస్టారు తెచ్చిన పళ్లు ఇవ్వబోయారు. వాడు తీసుకోకుండానే వెనక్కి తిరిగాడు. పది అడుగుల దూరం వెళ్లడానికి వాడికి చాలాసేపు పట్టింది. మాస్టారు చూస్తూ నిలబడ్డారు. వచ్చిన బస్సే తిరిగి శ్రీకాకుళం వెళుతోందని కండక్టరు కేకవేస్తే వెళ్లి ఎక్కారు. పళ్లు ఒళ్లోనే ఉన్నాయి. ఆ ఊరికి ఆయన మళ్లీ వెళ్లలేదు.