ఒత్తు నిలబడ్డ రోజు

నాచారం చర్చిలో సండే స్కూలు పిల్లల కోసం మరియా ఒక చిన్న ఫోన్ గేమ్ తయారుచేసింది. తెర మీద పదాలు చేపల్లా ఈదుతూ వస్తాయి, సరైన పదాన్ని వల వేసి పట్టాలి. ఆట బాగానే కుదిరింది. చిక్కంతా అక్షరాలతోనే వచ్చింది. "క్రీస్తు" అన్న మాట తెర మీదికి వచ్చేసరికి క పక్కన ఒక పొల్లు, దాని పక్కన ర, ఆ పక్కన గాల్లో వేలాడుతూ ఒక గుడిదీర్ఘం.

మరియా తల్లి రాహేలు ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇదేంది బిడ్డా, అక్షరాలు బస్సు దిగిన జనం లెక్క తలో దిక్కు వోయినయి? పోరగాండ్లు గిట్లనే నేర్సుకుంటరా?"

ఆ మాట మరియాకు ముల్లులా గుచ్చుకుంది. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు ఇంగ్లీషు అక్షరాల్ని పక్కపక్కన పేర్చడమే తెలుసు. కింద ఒత్తు, పైన గుడి, ఆ సంగతులు దానికి పట్టవు. పోచారంలోని ఐటీ కంపెనీలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న మరియా ఆర్నెల్ల శనివారాలన్నీ ఆ ఒక్కదానికే ధారపోసి, ఒత్తుల్ని ఉండాల్సిన చోట ఉంచే ప్రోగ్రాం రాసింది.

ఉప్పల్ నుంచి ఆఫీసు బస్సులో రోజూ తన పక్కనే కూర్చునే స్నిగ్ధకు దాన్ని చూపించింది. స్నిగ్ధ బస్సులో ఉన్నానని మరిచిపోయి గట్టిగా అరిచేసింది.

"మరియా! ఇది నీ ఒక్క ఆటకేనా? తెలుగులో గేమ్ చేద్దామనుకుని ఈ అక్షరాల దగ్గరే వదిలేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా? దీన్ని ప్లగిన్‌గా చేద్దాం. ఎవరి గేమ్‌కైనా తగిలించుకునేలా. ఒక్కసారి తగిలిస్తే ఆండ్రాయిడ్ లోనూ ఐఫోన్ లోనూ అక్షరం ఒకేలా కనిపించాలి."

దానికి "ఒత్తు" అని పేరు పెట్టారు. పూర్తిచేయాలంటే ఇద్దరూ ఉద్యోగాలు మానేసి కనీసం నాలుగు నెలలు కూర్చోవాలి. అందుకని, ఈ పనిముట్టు కావాల్సినవాళ్ళనే తలా కొంత వేయమని ఇంటర్నెట్‌లో అడిగారు. గడువు ముప్పై రోజులు. లక్ష్యం పన్నెండు లక్షలు. ఒక్క రూపాయి తగ్గినా ఎవరి డబ్బు వాళ్ళకు వెళ్ళిపోతుంది.

సోమవారం పొద్దున పేజీ తెరిచారు. తొలి గంటలోనే విజయవాడ నుంచి ఒకరు, మైసూరు నుంచి ఇద్దరు వచ్చారు. మరియాకు ఆఫీసులో కాలు నిలవలేదు. మీటింగులో మేనేజరు ఏదో చెబుతుండగా బల్ల కింద ఫోన్ వెలిగింది. "మూడేళ్ళుగా దీనికోసమే చూస్తున్నా" అని కన్నడంలో గేమ్‌లు చేసే ఒకాయన సందేశం. చదివి నవ్వేసింది. మేనేజరు తన జోకుకే నవ్విందనుకున్నాడు. వారం తిరిగేసరికి నాలుగున్నర లక్షలు.

రెండో వారం ఆ జోరు తగ్గింది. మూడో వారానికి ఏడు లక్షల దగ్గర బండి ఆగిపోయింది. పద్దెనిమిదో రోజున కంబోడియా నుంచి సొఖా అనే ఆమె ఉత్తరం రాసింది. "మా భాషలోనూ అక్షరం కింద అక్షరం నిలబడుతుంది. మీది మాకూ పనిచేస్తుందా? పనిచేస్తే మా ఊళ్ళో గేమ్ కంపెనీలన్నిటినీ వెంటబెట్టుకుని వస్తాను."

శనివారం పొద్దున ఉప్పల్‌లో స్నిగ్ధ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటర్నెట్‌లో అందరికీ ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టారు. నూటనలభై మంది చూస్తున్నారు. సొఖా తన భాషలో ఒక పదం పంపింది. మరియా దాన్ని గేమ్‌లో పెట్టింది. కింది అక్షరం ముద్దుగా కింద కూర్చుంది. కానీ ఎడమ పక్కన ఉండాల్సిన అచ్చు గుర్తు ఒకటి పోయి కుడివైపు పడింది.

"చిన్న లోపం అని చెప్పెయ్" అని స్నిగ్ధ కాగితం మీద రాసి ముందుకు తోసింది.

మరియా ఆ కాగితం వంక చూసి, తెర వంక చూసింది. "ఇది చిన్న లోపం కాదు," అంది ఇంగ్లీషులో. "మా ప్లగిన్‌కు ఇది చేతకాదు. ఉందని నమ్మి డబ్బు పెట్టకండి. బుధవారంలోగా సరిచేయగలిగితే చూపిస్తాను."

ప్రసారం ఆపేయగానే స్నిగ్ధ తల పట్టుకుంది. "నిజమే చెప్పావు, కాదనను. కానీ ఉన్నవే పది రోజులే!" ఆ మాట అంటుండగానే ముగ్గురు తమ డబ్బు వెనక్కి తీసుకున్నారు.

"తీస్కోనీ తియ్," అంది మరియా. "లేనిది ఉన్నదని ఎట్ల జెప్పాలె?"

అదే గదిలో పేపరు చదువుకుంటున్న స్నిగ్ధ తాతగారు అచ్యుతరావు కళ్ళజోడు పైకి తోసుకుని లేచి వచ్చారు. ఏలూరు వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ మనిషి. ఉద్యోగమంతా సర్వే మ్యాపుల మీద ఊళ్ళ పేర్లు రాయడమే. ఇప్పుడు ఎనభై నిండబోతున్నాయి.

"ఏమ్మా, ఎక్కడ ఇరుక్కుంది?"

మరియా చూపించింది. ఆయన కాసేపు చూసి, పెన్సిలుతో కాగితం మీద హిందీలో దిల్లీ అని రాశారు.

"పలికేటప్పుడు ద ముందు, గుడి తర్వాత. రాసేటప్పుడేమో గుడి ముందుకొచ్చి నిలబడుతుంది. కొత్తలో నాకు తెలియక ముందు ద రాసేసేవాణ్ణి. తీరా చూస్తే గుడికి చోటుండేది కాదు. పదిహేను రోజుల మ్యాపు పాడు! మా సీనియర్ చిదంబరంగారు పిలిచి చెప్పారు, 'అక్షరం మొత్తం మనసులో కట్టుకున్నాకే కలం ఆనించు' అని. అంతేనమ్మా. మీ మిషను తొందరపడి ముందే కలం ఆనిస్తున్నట్టుంది."

మరియా ఒక్క ఉదుటున లేచింది. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"తాతగారూ! నేను ఒక్కోటి రాంగనే గీసేస్తున్న! మొత్తం వచ్చేదాంక ఆగి, అప్పుడు గీయాలె. అయ్యో, ఇంత సిన్న ముచ్చట నాకెందుకు దట్టలే!"

"నాకూ పదిహేను రోజులు పట్టిందిగా," అన్నారాయన నవ్వుతూ.

ఆదివారం ఆరాధన అయిపోగానే మరియా మళ్ళీ స్నిగ్ధ ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. సోమ, మంగళవారాలు ఇద్దరూ సెలవు పెట్టారు. మరియా అప్పటిదాకా రాసిన ప్రోగ్రాంలో సగం చెరిపేసి మళ్ళీ రాసింది. మంగళవారం పొద్దున పదకొండు గంటలకు మరియా ఆండ్రాయిడ్ ఫోన్‌లో సొఖా పంపిన పదం ఎడమ గుర్తుతో సహా చక్కగా నిలబడింది. స్నిగ్ధ ఐఫోన్‌లో మాత్రం తెర ఖాళీ! ఇద్దరూ అన్నం మాట మరిచి వెతికారు. మూడింటికి దొరికింది. ఎక్కడో ఒక ఫైలు పేరు తప్పు పడింది, అంతే. సరిచేసి రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. రెంటిలోనూ అదే పదం, అచ్చు గుద్దినట్టు ఒకేలా!

స్నిగ్ధ మరియాను పట్టుకుని గదంతా గిరగిరా తిప్పింది. అచ్యుతరావు గుమ్మంలో నిలబడి, "హిందీలో కూడా పెట్టి చూడండర్రా," అన్నారు. పెట్టారు. దిల్లీ కూడా వచ్చింది. తమిళం పెట్టారు, వచ్చింది. బెంగాలీ కూడా వచ్చింది. ప్రతిసారీ ముసలాయన చప్పట్లు కొట్టారు.

సొఖాకు వీడియో పంపిన పావుగంటకు తిరుగు వీడియో వచ్చింది. చిన్న ఆఫీసులో ఆరుగురు మనుషులు తెర చుట్టూ మూగి కేకలు పెడుతున్నారు. ఆ మధ్యలో పొట్టి జుట్టు ఆమె, సొఖాయే, కళ్ళు తుడుచుకుంటూ చేయి ఊపింది. ఆ వెంటనే కంబోడియా నుంచి నాలుగు కంపెనీలు వచ్చాయి. మర్నాటి నుంచి కలకత్తా, ఇండోర్, మధురై. శనివారం వెనక్కి తగ్గిన ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు. "లేనిది లేదని చెప్పారు కాబట్టే ఉన్నదాన్ని నమ్ముతున్నాం" అని వాళ్ళలో ఒకాయన రాశారు.

ఇరవై ఎనిమిదో రోజు, ఆదివారం మధ్యాహ్నం. నాచారంలో రాహేలు ఇంట్లో కోడికూర ఉడుకుతోంది. స్నిగ్ధ తాతగారిని స్కూటరు మీద ఎక్కించుకుని వచ్చేసింది. ఫోనును మంచం మీద పెట్టి అందరూ చుట్టూ కూర్చున్నారు. పదకొండు లక్షల తొంభై ఎనిమిది వేలు. పది నిమిషాలైనా కదల్లేదు.

"ఆ రెండు వేలు నేను ఏస్తే గాదా?" అని రాహేలు పోపుల డబ్బా వైపు నడిచింది.

"అమ్మా, జర ఆగే!"

రాహేలు డబ్బా మూత తీయనే లేదు, ఫోన్ మోగింది. నాగారం నుంచి ఎవరో త్రిమూర్తులు అనే ఆయన మూడు వేలు వేశారు. తెర మీద అంకె పన్నెండు లక్షలు దాటింది.

స్నిగ్ధ ఈల వేసింది. రాహేలు చేతిలో గరిటెతోనే బిడ్డను గుండెకు అదుముకుంది. "ప్రభువా, నీకు స్తోత్రం! సార్, మీరు గూడ కూసోండ్రి, తిననిదే పంపియ్య."

"మీరు పంపినా వెళ్ళనమ్మా," అన్నారు అచ్యుతరావు, కంచం ముందుకు జరుపుకుంటూ.

మంగళవారం గడువు ముగిసేసరికి పదిహేను లక్షల పైచిలుకు జమయింది. బుధవారం మరియా పోచారం వెళ్ళి రాజీనామా ఇచ్చింది. మేనేజరు నమ్మలేనట్టు చూశాడు. "అక్షరాల కోసం ఉద్యోగం వదిలేస్తావా?"

"అవును సార్," అంది మరియా. ఇంకేమైనా చెప్పాలేమో అనుకుంది, కానీ ఆ మాటే సరిపోయినట్టు అనిపించింది.

బయటికొచ్చి ఎండలోనే నిలబడి స్నిగ్ధకు ఫోన్ చేసింది. "ఇచ్చేసిన."

"నేనూ ఇచ్చేశా, పొద్దున్నే! సొఖా మళ్ళీ రాసింది మరియా, బర్మా వాళ్ళు కూడా అడుగుతున్నారట. వాళ్ళ అక్షరాలు చూశావా? అన్నీ సున్నాల్లా గుండ్రంగా ఉన్నాయి! తాతయ్య అప్పుడే పెన్సిలు చెక్కుకుని కూర్చున్నారు."

"నేనొచ్చేదాంక ఆయనను మొదలువెట్టొద్దను!" అని అరిచి, అప్పుడే కదులుతున్న ఉప్పల్ బస్సు వైపు మరియా పరుగెత్తింది.