గట్టుమీది మరియమ్మకు ఇచ్చిన మాట

పొద్దున లేచినప్పటి నుంచి కడుపులో బిడ్డ కదల్లేదు. ఆ సంగతి లెమోనియా ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఇంతకుముందు రెండుసార్లూ అలాగే జరిగింది. "ఎందుకో తేడాగా ఉంది" అని తన నోటితోనే అంది, సాయంత్రానికల్లా అంతా అయిపోయింది. ఈసారి ఏడో నెల దాకా నెట్టుకొచ్చింది. అందుకే నోరు కుట్టేసుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, అత్తగారి పక్కన బండిలో కూర్చుంది.

బండి అంటే వెనక తొట్టి ఉన్న డొక్కు మోటారు బండి. మామగారు పోయాక అత్తగారు ఆర్గిరోయే దాన్ని తోలుతుంది, మేకల్ని అదిలించినట్టు తిడుతూ తోలుతుంది. ఉత్తరం నుంచి మెల్తెమి గాలి మూడోరోజు కూడా విసిరి కొడుతోంది. ఓడలు రేవులోనే కట్టి ఉన్నాయి. దుమ్ము కళ్ళలో పడుతున్నా అద్దం ఎత్తదు ఆవిడ, లోపల ఉక్క అంటుంది.

లెమోనియా సెలవులకని వచ్చింది. పిరేయస్‌లో ఆగస్టు ఎండకు మేడలు పెనాల్లా కాలుతుంటే, "దీవిలో అమ్మ దగ్గరికి పోయి కాస్త గాలి పీల్చుకో, శనివారం నేనూ వస్తా" అని కరెంటు పని చేసే మొగుడు పాంతెలీస్ ఓడ ఎక్కించాడు. సముద్రంలో కాళ్ళు పెట్టుకుని పుచ్చకాయ తినవచ్చు అనుకుంది పాపం. అత్తగారి ఆలోచన వేరు. దిగిన మర్నాడే పాత చర్చీలకూ మఠాలకూ తిప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఒకటి, ఎండ తగ్గాక ఇంకొకటి. ఇవాళైతే పొద్దుటి నుంచే వరసగా.

ఆ దీవిలో మనుషుల కంటే చర్చీలే ఎక్కువని పక్క దీవుల వాళ్ళు ఎగతాళి చేస్తారు. వాటిలో సగం మరియమ్మవే. కాకపోతే ఒక మరియమ్మ ఇంకో మరియమ్మ కాదు. పాల మరియమ్మ వేరు, పడవల మరియమ్మ వేరు, చప్పున వినే మరియమ్మ వేరు. ఒకావిడకు మొక్కుకుని ఇంకొకావిడకు చెల్లిస్తే ఇద్దరికీ కోపమే. "అందరూ ఒకే తల్లి కదా అత్తయ్యా" అని లెమోనియా మొదటిరోజే అంది. అనకుండా ఉండాల్సింది.

"అలాగా? ఒకావిడ భోజనానికి పిలిస్తే ఇంకొకావిడ ఇంటికెళ్ళి పళ్ళెం ముందు కూర్చుంటావా? మీ పట్నం వాళ్ళకి తెలివెక్కువ, మర్యాద తక్కువ!" అంది ఆర్గిరో.

ఇంతమంది మరియమ్మల దగ్గరికి తిప్పిన మనిషి ఒక్క గట్టుమీది మరియమ్మ దగ్గరికి మాత్రం తీసుకుపోలేదు. సముద్రానికి ఎదురుగా నిట్టనిలువు కొండకు అంటుకుని ఉండే ఆ తెల్లటి మఠం కోసమే సగం ప్రపంచం ఆ దీవికి వస్తుంది. దుకాణాల్లో ఏ బొమ్మ చూసినా అదే. లెమోనియా రెండుసార్లు అడిగింది. "మెట్లెక్కువ. నీ పొట్టతో ఎక్కలేవు" అంది ఆర్గిరో. ఇంకో దారి అడగబోతే రేడియో గట్టిగా పెట్టింది.

ఆ పూట ముందు పాల మరియమ్మ మఠానికి వెళ్ళారు. చల్లటి నడవాలో మఠం అమ్మగారు మంచినీళ్ళూ, పైన పిండిచక్కెర చల్లిన గులాబీ రంగు లుకూమీ మిఠాయిలూ పెట్టింది. తీపి తింటే బిడ్డ తంతుందని లెమోనియాకు తెలుసు. రోజూ అలాగే తన్నేది. ఒకటి నోట్లో వేసుకుని కాచుక్కూర్చుంది. ఏమీ లేదు. ఇంకొకటి తింది.

"తిను తల్లీ, తిను. ఇద్దరి ఆకలి కదా," అంది మఠం అమ్మగారు మురిసిపోతూ, ఆకాశం రంగు రిబ్బను ఒకటి పటానికి తాకించి తెచ్చి ఆమె నడుముకు కట్టింది. "థూ థూ థూ, దిష్టి తగలకూడదు. ఎంత నిండుగా ఉన్నావో!"

మూడోది కూడా మింగింది లెమోనియా. బిడ్డ మాత్రం ఉలకలేదు, పలకలేదు. నిద్రపోతోందేమో అనుకుంది. పిల్లలు లోపల కూడా నిద్రపోతారని పుస్తకంలో చదివింది. ఎంతసేపు నిద్రపోతారో కూడా చదివింది, కానీ అది గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేకపోయింది.

తర్వాత చప్పున వినే మరియమ్మ. ఇది మఠం కాదు, బార్లీ కోసేసిన మడి మధ్యలో పది మంది నిలబడితే నిండిపోయే గది. తాళంచెవి తలుపుకే ఉంటుంది. లోపల మైనం వాసన, మసి పట్టిన గోడలు. పటం కింద తాడుకు వెండిరేకు బొమ్మలు వేలాడుతున్నాయి. చెయ్యి, కాలు, రెండు కళ్ళు, పడవ, గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. ఎవరి మొక్కు వాళ్ళది. గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా అవి గలగలమంటున్నాయి. ఆ పసిబిడ్డ బొమ్మ వైపు చూడలేక లెమోనియా తల తిప్పుకుంది.

ఆర్గిరో దీపంలోని నూనెలో వేలు ముంచి, కోడలి గౌను గుండీలు విప్పి, పొట్ట మీద సిలువ గుర్తు వేసింది. వేస్తూ గొణుగుతోంది. ఎప్పుడూ గొణుగుతుంది కానీ, ఆ చిన్న గదిలో మాటలు వినపడ్డాయి.

"నువ్వు ఆవిడవి కాదు. నీకు నేనే మాటా ఇవ్వలేదు. నిన్ను అడగొచ్చు. అడుగుతున్నా. ఆవిడకి మాత్రం చెప్పకు."

ఇంకోరోజైతే నవ్వొచ్చేది. నూనె వేలు చల్లగా పొట్ట మీద పాకుతుంటే లెమోనియా ఊపిరి బిగబట్టి లోపలికి చెవి పెట్టింది. ఒక్క తన్ను. ఒక్క మోచెయ్యి. ఏమీ లేదు. రాతి మీద చెయ్యి వేసినట్టుంది. గోడకు ఆనుకుని జారి, నేల మీద కూర్చుండిపోయింది.

"అత్తయ్యా, బిడ్డ కదలట్లేదు."

ఆర్గిరో వేలు అలాగే గాల్లో ఆగింది. "ఎప్పట్నించి?"

"పొద్దుట్నించి."

"పొద్దుట్నించా! పొద్దుట్నించి కడుపులో పెట్టుకుని మూడేసి లుకూమీలు మింగుతూ కూర్చున్నావా? నోరు లేదూ నీకు?" అని అరిచి, వెంటనే గొంతు మార్చింది. "లే, బంగారం. లే. ఏం కాదు. నన్ను పట్టుకో. దీపం సంగతి ఆవిడే చూసుకుంటుంది, పద."

ఆరోగ్యకేంద్రం రేవు దగ్గర ఉంది. అక్కడికి పోవాలంటే గట్టుకింద దారే. ఆర్గిరో ఆరోజు బండిని తిట్టలేదు. దాంతో లెమోనియాకు మరీ భయం వేసింది. మలుపుల దగ్గర హారను మీద చెయ్యి తియ్యకుండా తోలుతూ, మాటిమాటికీ కోడలి పొట్ట వైపు చూస్తోంది. దారిలో ఎవరో యాత్రికులు బండ్లు ఆపుకుని ఫొటోలు తీసుకుంటుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "తప్పుకోండి, మీ ఫొటోలు తగలెయ్య!" అని అరిచింది. వాళ్ళు నవ్వుతూ చెయ్యి ఊపారు.

సరిగ్గా మఠం కిందికి వచ్చేసరికి ఆర్గిరో తల వంచేసుకుంది. అంత గాలిలో, అంత ఇరుకు దారిలో, ఆ ఒక్క క్షణం రోడ్డు తప్ప ఏదీ చూడనన్నట్టు. లెమోనియా మాత్రం తలెత్తి చూసింది. పైన తెల్లటి గోడ, చిన్న చిన్న కిటికీలు. తాను దేవుణ్ణి నమ్ముతుందో లేదో ఆమెకే సరిగ్గా తెలియదు. పెళ్ళికీ, ఈస్టరుకూ తప్ప చర్చి గడప తొక్కని ఇంట్లో పుట్టింది. అయినా పెదవులు వాటంతట అవే కదిలాయి. ఈ ఒక్క బిడ్డనూ నాకు దక్కించు తల్లీ, ఇంకేమీ అడగను, జన్మలో ఇంకేమీ అడగను. మలుపు తిరిగాక మఠం కనపడలేదు.

ఆరోగ్యకేంద్రంలో కాన్పుల నర్సు అన్నెజా ఉంది, అదృష్టం. ఏమీ అడగకుండానే లెమోనియాను పడుకోబెట్టి, "మీరు బయటుండండి పిన్నీ" అని ఆర్గిరోను తెర అవతలికి తోసింది. పొట్ట మీది నూనె చూసి కనుబొమ్మలు ఎగరేసింది, దూదితో తుడిచింది, చల్లటి జెల్లు రాసి చేతిలోని చిన్న యంత్రాన్ని ఆనించింది.

గరగర. గాలి రేడియోలో దూరినట్టు గరగర. అన్నెజా యంత్రాన్ని కిందికి జరిపింది. నెమ్మదిగా దబ్‌ దబ్‌ అని వినపడింది. లెమోనియా లేవబోయింది.

"అది నీదమ్మా. నీ గుండె," అంది అన్నెజా. ఇంకో పక్కకు జరిపింది. మళ్ళీ గరగర. ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు. కనపడకుండా ఉంచుకోవడం వాళ్ళకు నేర్పుతారు. లెమోనియా పైకప్పు మీది తేమ మరకను చూస్తూ పడుకుంది. దాన్ని వదిలి కళ్ళు తిప్పితే ఏదో అయిపోతుందనిపించింది.

తెర అవతలి నుంచి ఆర్గిరో గొంతు వినపడింది. గొణుగుడు కాదు. ఎదురింటావిడతో వాకిట్లో నిలబడి మాట్లాడినట్టు గట్టిగానే మాట్లాడుతోంది.

"నేనేనమ్మా, ఆర్గిరోని. గుర్తుందా? పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని నీ మెట్లెక్కొచ్చిన ఆర్గిరోని. వాణ్ణి దక్కిస్తే చచ్చేదాకా ఇంకేం అడగనన్నాను. అడగలేదు. వాడి నాన్న ఛాతీ పట్టుకుని పడిపోయినప్పుడు కూడా నీ గట్టు వైపు చూళ్ళేదు. చూశానా? ఇవాళ అడుగుతున్నా. మాట తప్పుతున్నా. వాళ్ళందరి దగ్గరికీ తిరిగాను, వాళ్ళు నీ అంత కారు. ఈ బిడ్డని వదిలెయ్. నన్నేం చేసుకుంటావో చేసుకో."

అన్నెజా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత యంత్రాన్ని బాగా పక్కకు, నడుము దాకా తీసుకెళ్ళి నొక్కింది.

రాళ్ళు పరిచిన సందులో గాడిదపిల్ల పరిగెత్తినట్టు చప్పుడు. టకటక టకటక, ఆగకుండా, ఎవరి మీదో అలిగి పోతున్నట్టు. లెమోనియాకు ముందు అర్థం కాలేదు. అన్నెజా ముఖం చూశాక అర్థమైంది, వెక్కి వెక్కి ఏడ్చింది.

"వెనక్కి తిరిగి పడుకుంది మహాతల్లి. తన్నులన్నీ వీపు వైపుకి పోతున్నాయి. గుండె శుభ్రంగా కొట్టుకుంటోంది," అంది అన్నెజా. "ఇంకాసేపు ఇక్కడే ఉండు, చూస్తాను. రేపు పొద్దున మళ్ళీ రా. ఇంకోమాట. ఇలాంటప్పుడు ముందు నా దగ్గరికి రావాలి, తర్వాత మరియమ్మల దగ్గరికి. నేనెవరికీ చెప్పన్లే, ఆ తల్లులు కూడా ఏమనుకోరు."

లెమోనియా కళ్ళు తుడుచుకుని తెర తొలగించేసరికి ఆర్గిరో బల్ల మీద కూర్చుని లేదు. కిటికీ దగ్గర నిలబడి ఫోనులో అరుస్తోంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ఎక్కడున్నావురా? నిచ్చెన మీదా? దిగు. ముందు దిగరా! కాలు నేల మీద పెట్టావా? ఆ వైర్లు వదిలెయ్, ఇవాళ కరెంటు ముట్టుకోకు. బిడ్డ బానే ఉంది, నీ పెళ్ళాం బానే ఉంది, నీ సంగతే తెలీదు! ఇంటికి పో. బండి ఎక్కకు, నడిచి పో. రోడ్డు దాటకు."

రోడ్డు దాటకుండా ఇంటికెలా పోవాలమ్మా అని పాంతెలీస్ గొంతు ఫోను బయటికి వినపడింది.

"అయితే అక్కడే కూర్చో!" అని ఫోను పెట్టేసింది.

లెమోనియా ఆవిడను పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది. "అన్నీ విన్నానత్తయ్యా."

"విన్నావుగా. మరి? వాడి మీద పెట్టి మాటిచ్చాను. మాట తప్పాను. ఇచ్చినావిడ వెనక్కి తీసుకోదా? నీ బిడ్డని నవ్వుతూ ఎత్తుకుంటానా, వాడు నిచ్చెన మీంచి..." ఆ మాట పూర్తి చెయ్యలేక నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుంది. "రెండు చేతులూ చాపి అడగాల్సిన దాన్ని, ఒక్కదానికే అడిగి తలుపేసుకున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంకేం కావాల్సొస్తుందిలే అనుకున్నాను."

లెమోనియాకు ఆవిడ మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది. "మీరు మాట తప్పలేదు. మీకంటే ముందు నేనడిగాను."

"ఏంటీ?"

"గట్టు కింద, బండిలో. మీరు తల వంచుకున్నారే, అప్పుడు నేను పైకి చూసి అడిగాను. ఆవిడ విన్నది నా మాట. మీరిక్కడ అడిగేసరికే బిడ్డ బతికుంది. మీరడిగింది లెక్కలోకి రాదు."

ఆర్గిరో ఆమె కళ్ళలోకి చూసింది. "ముందేనా?"

"ముందే."

"ఒట్టు?"

"బిడ్డ మీద..."

"థూ థూ! బిడ్డ మీద వద్దు, ఊరికే చెప్పు."

"నిజంగా ముందే అత్తయ్యా."

ఆవిడ భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వింది. "చూశావా, పట్నం పిల్ల! నీ అంతట నువ్వే అడిగావా! నేను నేర్పకుండానే!" అని సిలువ గుర్తు వేసుకోబోయింది. చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏమని అడిగావే?"

"బిడ్డను దక్కించమన్నాను."

"ఆ. తర్వాత?"

లెమోనియా నడుముకు కట్టిన రిబ్బను కొసను వేలికి చుట్టుకుంది.

"తర్వాత ఏమన్నావ్? చెప్పు."

"ఇంకేమీ అడగనన్నాను," అంది లెమోనియా. "జన్మలో."

ఆర్గిరో తిట్టలేదు. కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులతో మూసి పట్టుకుంది.

"అయ్యో నా పిచ్చి తల్లీ," అంది. "ఇంకా పుట్టనైనా లేదు కదే."