చేటెడు తవుడు

జ్యోతిర్మయి పెద్ద డాక్టరే, కాదనం. రాయ్‌పూర్ వైపు కుదుదండ్ పేటలో ఆవిడ నడిపే పసిపిల్లల ఐసీయూకి కోర్బా నుంచి కూడా అంబులెన్సులొస్తాయి. నెలలు నిండని బిడ్డని ఒంటికి ఒళ్లు ఆనించి గుండె మీద పడుకోబెట్టుకుంటే ఎంత మేలో చెబుతూ ఆవిడ చేసిన పరిశోధనకి ఢిల్లీలో బహుమతొచ్చింది. తల్లికి వీలుకాకపోతే ఇంటి మనిషి ఎవరైనా ఆ పని చెయ్యొచ్చని కూడా అందులో రాసింది. ఆ ఆలోచన ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే మాత్రం, "చండీగఢ్‌లో చదివేటప్పుడు చూశాను" అనేది. పచ్చి అబద్ధం!

కిందటి జనవరిలో రైల్వే క్వార్టర్స్ కోమలకి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. బీపీ పెరిగి ఫిట్స్ రావడంతో ఆమె పై అంతస్తులో మత్తులో ఉంది. మొగుడు నాగేంద్ర గూడ్స్ గార్డు. జ్వరంతో ఒకటే దగ్గు, బిడ్డ దగ్గరికి రానివ్వలేదు. బిడ్డ కేజీన్నర లేకపోయినా ఊపిరి బాగానే తీస్తోంది. ఇంతలో అంతకన్నా చిన్న బిడ్డొకటి వచ్చిపడింది. బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్లన్నీ నిండిపోయాయి, కోమల బిడ్డదే దానికివ్వాలి. కోమల బిడ్డకి వెంటనే ఒక మనిషి గుండె వెచ్చదనం కావాలి.

సరిగ్గా అప్పుడే, కోమల పక్క క్వార్టర్లోకి ఈమధ్యే వచ్చిన ఓ ముసలమ్మ తలుపు దగ్గరికొచ్చి, "బిడ్డనిలాగియ్యండి, నానే తల్లిని" అంది. తెలుగు తెలిసిన నర్సులకి నవ్వాగలేదు. డెబ్బై ఐదేళ్ల తల్లి! ఆవిడ హిందీలోకి దిగి, "పొద్దున్నే వాళ్ల నాన్న దగ్గర కొనుక్కున్నాను, బిడ్డ నాదే" అని కొంగుముడి విప్పి గుప్పెడు తవుడు చూపించింది.

రాయ్‌పూర్ పిల్ల మైత్రి, జూనియర్ డాక్టరు, హడలిపోయింది. "పిల్లని కొనడమా? మేడమ్, మీరు ఆంధ్రావాళ్లేగా, ఏమిటిదంతా? పోలీసుల్ని పిలవమంటారా?"

జ్యోతిర్మయికి తెలీకేం! ఆ మణికట్టు మీది పచ్చబొట్టు చూడగానే పోల్చుకుంది. అప్పయమ్మ. ఇద్దర్ని పోగొట్టుకున్న జ్యోతిర్మయి తల్లి ఏడోనెలలో మళ్లీ కంటే, ఈ ముసలమ్మే చేటెడు తవుడు పోసి బిడ్డని కొనుక్కుంది. అలా వేరొకరి బిడ్డయితే చావు దాని జోలికి రాదని నమ్మకం. కొని ఊరుకోలేదు, నలభై రోజులు రవికె విప్పి గుండెకి కట్టుకుని బతికించింది. ఆ తవుడు మీదే జ్యోతిర్మయికి తవిటమ్మని పేరు పెట్టారు. బళ్లో పిల్లలు అర్థం అడిగి తెలుసుకుని, తవుడుని హిందీలో "భూసీ, భూసీ" అని ఏడిపిస్తే, పదో క్లాసు ఫారంలో ఆ పేరు కొట్టించేసి జ్యోతిర్మయి అని రాయించుకుంది. అప్పటికే అప్పయమ్మ వాళ్లు డోంగర్‌గఢ్ వెళ్లిపోయారు. పీడా పోయిందనుకుంది మహాతల్లి!

ఇప్పుడు అందరూ తన మొహంలోకే చూస్తున్నారు. ఒక్క మాట చెబితే చాలు.

"నాకేం తెలుసు? బంధువు కాదు కదా. సెక్యూరిటీకి అప్పజెప్పు" అని తల దించుకుని గదిలోకి పోయింది.

అద్దంలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. సెక్యూరిటీవాడు అప్పయమ్మ జబ్బ పట్టుకుని బెంచీ మీద కూలదోశాడు. ఆవిడ వంగి, కింద పడిన తవుడు ఏరుకుంటోంది. జ్యోతిర్మయికి ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకుంది. అనుకుని కూడా లేవలేదు చూడండి!

నర్సు పరుగెత్తుకొచ్చి, "మేడమ్, కోమల బిడ్డ పాదాలు చల్లబడుతున్నాయి" అన్నాక లేచింది.

బయటికొచ్చి అందరి ముందూ హిందీలో చెప్పింది. "ఆమెని వదలండి. కొనడమంటే మాలో మొక్కులాంటిది. నన్నూ అలాగే కొని, గుండెకి కట్టుకుని బతికించింది. నా పేరు తవిటమ్మ. నేను రాసిందంతా ఈవిడ దగ్గర నేర్చుకున్నదే."

చేతులు కడిగించి, కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డని అప్పయమ్మ గుండె మీద పెట్టి దుప్పటి కప్పింది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆ ముసలి చెయ్యి బిడ్డ నడుం కింద ఒదిగింది.

జ్యోతిర్మయి దుప్పటి సర్దుతూ అడిగింది. "అమ్మా, నన్ను గుర్తుపట్టలేదా?"

"నిన్ను పట్టకపోడమేటే? గుమ్మం కాడే పట్టీసినాను."

"మరి వాడు జబ్బ పట్టుకున్నప్పుడు నా పేరు చెప్పలేదేం?"

"నువ్వు తల దించీసినావు కదా. నలుగుర్లో నీకు నామోషీ అయిపోతాదని ఊరుకున్నాను." బిడ్డ పాదం తడిమి చూసింది. "ఇదిగో, ఎచ్చబడతన్నాయి."

జ్యోతిర్మయి బిడ్డని అప్పగించే ఫారం తీసింది. 'బిడ్డకేమవుతారు' అన్నచోట 'తల్లి' అని రాసి, తలెత్తకుండానే సంతకం పెట్టింది.