తవుడు జావ

"నాలుగో బల్లకి జావ ఏడు, అక్కా. ఏడూ ఒకేసారి కావాలట," అంటూ వంటింట్లోకొచ్చిన రేడియో చేతిలో చీటీని మేకుకి గుచ్చాడు.

అతని అసలు పేరు ఎవరికీ పట్టదు. యాభై దాటిన సర్వరు. హాల్లో ఎవరేమన్నా నిమిషంలో వంటింట్లో వినిపిస్తాడు కాబట్టి రేడియో అయ్యాడు. వంటక్క తల తిప్పలేదు. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మూత. పొద్దున ఆవిరి కొట్టి మణికట్టు మీద లేచిన బొబ్బ చెమట తగిలినప్పుడల్లా చుర్రుమంటోంది. పొగ బయటికి లాగే ఫ్యాను చెడిపోయి మూడు రోజులైంది. ఆదివారంలోగా బాగు చేయిస్తానని యజమాని అన్నాడు గానీ ఏ ఆదివారమో అనలేదు.

ఏ ప్రాంతం వంటైనా ఆ ప్రాంతం వాళ్ళ చేతే వండించి పెడతామన్నది ఆ హోటలు గొప్ప. సిమెంటు గోడల మీద మట్టి రంగు పూయించారు. చల్లగాలి యంత్రాన్ని వెదురు తడిక వెనక దాచారు. నగరంలో కార్లున్నవాళ్ళు ఆ తడికల మధ్య కూర్చుని, తమ తాతలు ఏం తిన్నారో తెలుసుకుని, ఫోటోలు తీసుకుని పోతుంటారు. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది జావ. జాబితా పుస్తకంలో దాని పేరు 'అమ్మమ్మ జావ'. పక్కనే రెండు వాక్యాలు: యజమాని చిన్నతనంలో వాళ్ళ అమ్మమ్మ ప్రేమగా కలిపి తినిపించిన జావ ఇదేనని. మట్టి గిన్నెడు మూడు వందల ఇరవై. వంటక్క రోజు కూలి ఆరు వందలు. రెండు గిన్నెల ఖరీదుకి నలభై తక్కువ.

నిజానికి ఆ జావ ఆమెది. ఆమెది అనడం కూడా తప్పు, ఆమె తల్లిది. ఎనిమిది నెలల క్రితం ముసురు పట్టి బేరాలు లేని రోజున, రొట్టెల్లో కలపడానికి తెప్పించిన తవుడు అడుగున మిగిలితే ఆమెకి పాత రుచి ఏదో నాలుక మీదికొచ్చింది. వంటింటి వెనక కాలవ గట్టున చేదాకు కోసుకొచ్చి, మూడుసార్లు ఉడకబెట్టి, మూడుసార్లు నీళ్ళు పారబోసి, వేయించిన తవుడులో మెదిపి, ఉప్పూ వెల్లుల్లీ వేసి తనకోసం గిన్నెడు కాచుకుంది. తొమ్మిదేళ్ళ వయసులో తల్లి పక్కన నిలబడి చూసిన పని, చేతులు వాటంతటవే చేసేశాయి. అటుగా వచ్చిన యజమాని చెంచాడు నోట్లో వేసుకుని, "ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావక్కా," అన్నాడు. వారం తిరక్కుండా అది జాబితాకెక్కింది, అమ్మమ్మని వెంటబెట్టుకుని. ఆమె ఏమీ అనలేదు. అనడానికి అదేమన్నా పొలమా పుట్రా, జావ.

ఏడు గిన్నెలూ వెళ్ళాక యజమాని వంటింట్లోకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట మెత్తన. అవసరం ఉన్నప్పుడు 'అక్కా' అంటాడు, లేనప్పుడు 'వంటామె' అంటాడు.

"అక్కా, ఒక్క మాట. ఆదివారం పేపరావిడ వస్తోంది. హోటళ్ళ గురించి రాస్తుందే, ఆవిడ. రాసిందంటే మనకి తిరుగుండదు. కాకపోతే అమ్మమ్మని చూడాలంటోంది."

"మీ అమ్మమ్మగారు పోయారు కదా సార్."

"పోయి పదేళ్ళు. ఉన్నా ఏం లాభం, గరిటె ఎటు పట్టుకోవాలో ఆవిడకి తెలిస్తేగా." అతను నవ్వి, గొంతు తగ్గించాడు. "మీ అమ్మ ఇంటి దగ్గరే ఉంటుంది కదూ. రెండు గంటలు వచ్చి కూర్చుంటే చాలు. మాట్లాడేదంతా నేను మాట్లాడతాను."

"మా అమ్మ మీకు అమ్మమ్మెలా అవుతుంది సార్?"

"నిన్ను అక్కా అంటున్నానా లేదా?"

"అక్క తల్లి అమ్మవుతుంది గానీ అమ్మమ్మవుతుందా," అన్నాడు రేడియో గుమ్మం దగ్గర నుంచి. యజమాని చూపు తగిలి, ఖాళీ పళ్ళేలు తీసుకుని మాయమైపోయాడు.

"నీ కూతురు బట్టల కంపెనీలో నిలబడి పనిచేస్తోందన్నావు. కాళ్ళు వాస్తున్నాయన్నావు," అన్నాడు యజమాని. "ఇక్కడ బిల్లుల దగ్గర మనిషి కావాలి. కుర్చీలో కూర్చునే పని. ఆదివారం సవ్యంగా అయిపోనీ, సోమవారం నుంచి రమ్మను."

వంటక్క గరిటె కింద పెట్టింది. కూతురు సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చునే తీరు కళ్ళకి కట్టింది. దారాలు కత్తిరించే బల్ల ముందు పది గంటలు, మధ్యలో పావుగంట. పందొమ్మిదేళ్ళ పిల్ల ముసలిదానిలా గోడ పట్టుకుని లేస్తుంది.

"అడుగుతాను సార్," అంది.

ఆమె ఇల్లంటే ఒక గది. తల్లి కిటికీ కింద కూర్చుని గుండీలు అట్టలకి కుట్టుకుంటూ ఉంటుంది. చూపు మందగించింది గానీ వేళ్ళకి కళ్ళున్నాయి, అట్టకి పన్నెండు, ఒక్కటి తప్పదు. విషయం విని ముసలామె సూది ఆపింది.

"అంటే ఈ వయసులో నాకు కొత్త మనవడు పుట్టాడన్నమాట. బారసాలేమన్నా చేస్తారా?"

"అమ్మా, నవ్వులాట కాదు."

"నేను అబద్ధాలు చెప్పాలా?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. ఊరికే కూర్చో. ఆయనేదో వాగుతాడు."

"ఊరికే కూర్చోడానికి డబ్బులిస్తారా. ఇన్నాళ్ళూ తెలీక కష్టపడ్డానే." ముసలామె మళ్ళీ సూది అందుకుంది. "పిల్లకి కూర్చునే పని ఇస్తానన్నాడంటే వస్తాను. ఇంతకీ ఏం వంటకమే అది?"

"ఏదో జావలే," అంది వంటక్క. తవుడు మాట ఎత్తలేదు. తవుడు తిన్న ఆ కరువు ఏడాది మాట తల్లి దగ్గర ఎవరూ ఎత్తరు. వానలు పడని సంవత్సరం, రెండేళ్ళ తమ్ముడు జ్వరంతో పోయిన సంవత్సరం. ఎత్తితే తల్లి లేచి బయటికి పోతుంది. ఎత్తకపోతే సరిపోతుందనుకుంది వంటక్క. ఆ ఏటి కష్టం ఆమెకి తెలియక కాదు. కానీ తొమ్మిదేళ్ళ ఆకలికి ఆ జావ అమృతంలా ఉండేది, ఆ రుచి ఆమెకి తల్లి చేతి రుచి. ఆ మాట పైకి అనడానికి ఆమెకే సిగ్గు.

ఆదివారం పొద్దున్నే యజమాని పంపిన కొత్త తెల్లచీర కట్టుకుని ముసలామె హోటలుకొచ్చింది. హాలు మధ్యలో పేము కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆమె కుర్చీ చేతుల్ని తడిమి చూసుకుంది, మెత్తగా ఉన్నాయి. ఒంటిగంటకి పేపరావిడ వచ్చింది. చెడ్డ మనిషి కాదు. చెప్పులు విప్పి, వంగి, ముసలామె చేతులు రెండూ పట్టుకుంది.

"అమ్మమ్మగారూ, మీ చేతి వంట కోసం ఊరంతా వరస కడుతోందండీ."

"అలాగా తల్లీ," అంది ముసలామె.

మిగతాదంతా యజమాని చెప్పాడు. పెరట్లో పొయ్యి, చలికాలం పొద్దులు, అమ్మమ్మ ఒళ్ళో తను. చెబుతూ చెబుతూ తనే నమ్మినట్టు గొంతు జీరబోయింది కూడా. తర్వాత మట్టి గిన్నె తెప్పించి ముసలామె ముందు పెట్టించాడు. "ఒక్క చెంచా నోట్లో పెట్టుకో అమ్మమ్మా, ఫోటో తీస్తారు."

ముసలామె చెంచా ముట్టుకోలేదు. గిన్నెని రెండు చేతులతో ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. మరోసారి చూసి కింద పెట్టేసింది.

"మా అమ్మాయిని పిలవండి."

వంటక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. హాల్లోకి రావడం ఆమెకి అది రెండోసారో మూడోసారో. తల్లి ముఖం చూసి కుర్చీ పక్కకి వచ్చి వంగింది.

"ఎన్ని నీళ్ళు పారబోశావే ఆకుకి?"

"మూడమ్మా."

"మూడు. సరిగ్గా చేశావు. మూడు పారబొయ్యాలి, లేకపోతే విషం." ముసలామె కూతురికి మాత్రమే చెబుతున్నట్టు చెప్పింది. "ఆ రోజు బిందెలో చెంబెడు నీళ్ళే ఉన్నాయి. బావికి పోతే తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. మిల్లువాడి కాళ్ళు పట్టుకుని గేదెల తవుడు తెచ్చాను. మీరిద్దరూ ఏడుస్తున్నారు. ఒక్క నీటితోనే దించేశాను. నువ్వు పెద్దదానివి, తట్టుకున్నావు. వాడు చిన్నవాడు. మూడు రోజులు విరేచనాలు. జ్వరం అని చెప్పాను నీకు. జ్వరం కాదే అమ్మాయ్."

ఎనిమిది నెలలుగా రోజుకి యాభై అరవై గిన్నెలు. ప్రతి గిన్నె మీదా వంటక్క తన చేత్తో వెల్లుల్లి రెబ్బలు అందంగా పేర్చింది.

పేపరావిడ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, చకచకా రాసుకోవడం మొదలుపెట్టింది. "ఎంత పెద్ద కథండీ ఇది. ఒక గిన్నెలో ఎంత చరిత్ర," అంది. ఆమె యజమాని వైపు తిరిగింది. "మీరింతకు ముందు చెప్పనేలేదు."

యజమాని ఒక్క క్షణం తడబడ్డాడు, ఒక్క క్షణమే. తర్వాత తల వంచుకున్నాడు.

"మా ఇంట్లో ఎవరమూ బయటికి చెప్పుకోమండీ. పోయింది మా చిన్న మామయ్య."

వంటక్క ఆ మాట విన్నది. పక్క బల్లల వాళ్ళూ విన్నారు. ఒకావిడ భర్త చేతిని గట్టిగా పట్టుకుంది. ఆమె భర్త రేడియోని పిలిచి, "మాకూ ఆ జావే," అన్నాడు మెల్లగా. ఆ వెనక బల్ల వాళ్ళు మూడు చెప్పారు. కిటికీ దగ్గరి వాళ్ళు నాలుగు.

వంటక్క లోపలికి నడిచింది. వంటింట్లో రెండో వంటవాడు రొట్టెలు కాలుస్తున్నాడు. ఎప్పుడూ నోరు విప్పడని అతన్ని అందరూ ముని అంటారు. చివరి పొయ్యి మీద ఆకు ఉడుకుతోంది, రెండో నీరు. ఆమె దాని ముందు నిలబడింది. తమ్ముడి ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. గిన్నె అంచు నాకుతున్న చిన్న నాలుక మాత్రం వచ్చింది. ఆమె పొయ్యి ఆపేసి, ఆకునీ నీళ్ళనీ కలిపి తూములో కుమ్మరించింది.

"తొమ్మిది జావలక్కా," అంటూ వచ్చిన రేడియో అక్కడే ఆగిపోయాడు. అతని వెనకే యజమాని వచ్చాడు, ముఖం వెలిగిపోతూ.

"అక్కా, మీ అమ్మ బంగారం. ఆ కథని జాబితాలో అచ్చు వేయిద్దాం. నీ కూతుర్ని రేపే..." తూము వైపు చూశాడు. "ఏమైంది?"

"జావ లేదు సార్."

"మళ్ళీ పెట్టు. పావుగంట ఆగుతారు."

"పెట్టను సార్. రోజూ చేసే మిగతా వంటలన్నీ చేస్తాను. ఇది మాత్రం చెయ్యను. ఇవాళే కాదు, ఎప్పుడూ."

యజమాని ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. "బయట కూర్చున్నది ఎవరో తెలుసా? నీ కూతురి ఉద్యోగం సంగతి తర్వాత, ముందు నీ ఉద్యోగం చూసుకో."

"మా తమ్ముడు సార్ వాడు," అంది వంటక్క. "మీ మామయ్య కాడు."

"మాటకి మాట అన్నాను. దానికింత రాద్ధాంతమా. నువ్వు కాకపోతే ఇంకొకరు." అతను ముని వైపు తిరిగాడు. "ఎనిమిది నెలలుగా పక్కనే ఉండి చూస్తున్నావు. నువ్వు చెయ్యి."

ముని రొట్టె తిప్పాడు. ఆకు కడిగేదీ, తవుడు వేయించి పెట్టేదీ రోజూ అతనే. అది వంటక్కకి తెలుసు, రేడియోకి తెలుసు, యజమానికీ తెలుసు.

"నాకు రాదు సార్," అన్నాడు ముని.

ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయపడింది. అన్నం గుండిగ దగ్గరికి పోయి గంజి వార్చడం మొదలుపెట్టింది. రేపటి నుంచి ఇల్లెలా గడుస్తుందో, కూతురికి ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. ఆవిరి ముఖానికి కొడుతుంటే మణికట్టు బొబ్బ మళ్ళీ మండింది.

అప్పుడే తడిక గోడ పట్టుకుని తడుముకుంటూ ముసలామె గుమ్మంలోకి వచ్చింది. లోపల ఎవరెవరున్నారో ఆమె కంటికి ఆనలేదు.

"అమ్మాయ్, పొద్దుటి నుంచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారే గానీ ఎవరూ ఏమీ పెట్టలేదే. ఇంత అన్నం ఉందా?"

పనివాళ్ళ తిండి మూడున్నర తర్వాత, అదీ మిగిలితే. గోడ గడియారం రెండు కూడా కొట్టలేదు. వంటక్క కూరగాయలు తరిగే బల్ల తుడిచింది. ముక్కాలి పీట జరిపి తల్లిని కూర్చోబెట్టింది. హాల్లోకి వెళ్ళే మంచి పళ్ళెం ఒకటి తీసి వేడి అన్నం వడ్డించింది, పప్పు పోసింది, ముని ఒక రొట్టె తెచ్చి పక్కన పెట్టాడు. యజమాని ఏదో అనబోయి బయటి నుంచి పేపరావిడ గొంతు వినిపించి ఆగాడు.

ముసలామె వేళ్ళతో పళ్ళెం అంచు వెతుక్కుని, ముద్ద కలుపుకుని, తొందర లేకుండా తినసాగింది.

రేడియో గుమ్మం దాకా వెళ్ళి హాల్లోకి తొంగిచూసి వచ్చాడు.

"తొమ్మిది కాదు సార్, పదకొండయ్యాయి," అన్నాడు.

వంటక్క తల్లి పళ్ళెంలో ఇంకో గరిటెడు పప్పు పోసింది.