ఎర్ర బటన్

క్రైస్తవ విశ్వవిద్యాలయం ప్రార్థన మందిరంలో ఇరవై ఏళ్లు వాక్యం చెప్పిన పాస్టరుగారికి నిన్న ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆయన కూతురు అక్కడే మీడియా కోర్సు ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొన్న తండ్రిని ఆ మందిరంలోనే కూర్చోబెట్టి, గంటసేపు మాట్లాడించి కెమెరాతో తీసింది. పరీక్షకు డాక్యుమెంటరీ అని పేరే గానీ, ఆ గొంతును దాచుకోవాలన్నదే ఆమె ఆరాటం.

ఇవాళ ఎడిటింగ్ గదిలో ఫైళ్లు తెరిచేసరికి ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. మొదట్లోనే కంగారులో రికార్డింగు ఎర్ర బటన్ రెండుసార్లు నొక్కేసింది. ఆ తర్వాత కెమెరా మీద రికార్డింగు లైటు వెలుగుతోందో లేదో చూసుకోకుండా తండ్రి ముఖమే చూస్తూ కూర్చుంది. ఆయన మాట్లాడినంతసేపూ కెమెరా ఆగిపోయి ఉంది, ఆపాననుకున్నప్పుడల్లా నడిచింది. మూడేళ్లు నేర్చిన విద్య ఒక్క బటన్ దగ్గర చేతులెత్తేసింది.

"ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, ఇంకోసారి చూడన్నా," అని ఆమె ల్యాబ్ అసిస్టెంటు కాళ్లావేళ్లా పడింది.

"తీయంది ఎక్కణ్ణుంచి తెచ్చేదమ్మా," అన్నాడతను.

మిగిలింది ఆఖరి ఫైలు. అందులో తండ్రి ఏదో గుర్తొచ్చినట్టు నవ్వి నోరు తెరిచాడు. అంతలో హెడ్‌ఫోన్లలో ఆమె గొంతే వినిపించింది.

"ఉండు నాన్నా, ఇప్పుడే మాట్లాడకు. కెమెరా ఆన్ చేశాక చెబుదువుగాని."

ఆయన బుద్ధిగా నోరు మూసుకున్నాడు.