విసర్జన్ చెప్పని పరేడ్

పొద్దున అయిదున్నరకు ఎల్బీనగర్‌లోని ఆ సందు బిందెల చప్పుడుతో లేస్తుంది. యాదలక్ష్మి అప్పటికే నీళ్లు పట్టేసి, బూట్లకు పాలిష్ పెట్టి, జడ బిగించి ముడి వేసుకుని ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చిన ఆడపిల్లలుండే ఒక హాస్టల్లో ఆమె సెక్యూరిటీ సూపర్‌వైజర్. ఏడింటికి గేటు దగ్గరుండాలి. ఆరూ నలభైకే ఉంటుంది. డిగ్రీలో ఎన్‌సీసీ అంటించిన జబ్బు అది, పన్నెండేళ్లయినా కుదరలేదు.

ఆ ఎన్‌సీసీ సర్టిఫికెట్ అద్దాల ఫ్రేములో గోడ మీద ఉంది. నీడ మాత్రం ఆమె వెంటే తిరుగుతుంది, సావధాన్‌లో.

నీడ సంగతి సందులో అందరికీ తెలుసు. యాదలక్ష్మి వంగి ముగ్గేసినా, కూర్చుని బియ్యం ఏరినా, అది మాత్రం మడమలు కలిపి, పిడికిళ్లు తొడలకు ఆనించి, మెడ నిటారుగా పెట్టి నిలబడే ఉంటుంది. మేస్త్రీ జానయ్య పక్కింటి గోడ లేపే రోజు దారమూ గుండూ ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. "బిడ్డా, జర గిట్లొచ్చి నిలబడు" అని పిలిచి, ఆమె నీడను చూసుకుంటూ ఇటుకలు పేర్చాడు. సందులో ఇప్పటికీ అన్నిటికంటే తిన్నగా ఉన్నది ఆ గోడే. ఎటొచ్చీ పెండ్లిచూపుల్లోనే చిక్కు. పిల్ల తల వంచుకుని కూర్చుంటే, వెనక గోడ మీద నీడ వచ్చినవాళ్లను ఎగాదిగా చూస్తున్నట్టు నిలబడేది. మూడు సంబంధాలు చాయ్ తాగి లేచి వెళ్లిపోయాయి.

"మొక్కై వంగనిది మానై వంగుతదా" అని తల్లి సైదమ్మ నలుగురిలో నిట్టూర్చేది. ఆ నిట్టూర్పులో బాధ కంటే మురిపెమే ఎక్కువ.

ఇదంతా ఒక మరుపు వల్ల వచ్చింది. పరేడ్‌లో ఒక కట్టుబాటు ఉంది. సావధాన్ చెప్పిన నోరే చివర విసర్జన్ కూడా చెప్పాలి. ఆ మాట పడ్డాకే కుడివైపు తిరిగి, సెల్యూట్ కొట్టి, వరస విడవాలి. డిగ్రీ ఆఖరి ఏడు, ఆఖరి పరేడ్ రోజున డ్రిల్ నేర్పే హవల్దార్ మల్లికార్జునరావు ముప్పై మంది పిల్లలను సావధాన్‌లో నిలబెట్టాడు. అంతలో ఫోన్ వచ్చింది, భార్యను దవాఖానలో చేర్చారని. మనిషి స్కూటరెక్కి పోయాడు. విసర్జన్ నోట్లోనే ఉండిపోయింది.

పది నిమిషాలకు ఒకామె చతికిలబడింది. అరగంటకు వరస సగం ఖాళీ. తప్పేం కాదు, ఎండ అలాంటిది. వాళ్లలో ఇప్పుడొకరు బ్యాంకులో ఉన్నారు, ఒకరు కానిస్టేబుల్, ఇంకొకరు మిలిటరీ ఆస్పత్రిలో నర్సు. అంతా ఎన్‌సీసీ పుణ్యమే అంటారు, అబద్ధమేమీ కాదు. యాదలక్ష్మి మాత్రం సాయంత్రం వాచ్‌మన్ గేటుకు తాళం వేయాలని కసిరేదాకా నిలబడింది. అప్పుడు ఇంటికొచ్చింది. నీడకు ఎవరూ ఏమీ చెప్పలేదు గనక అది నిలబడే వచ్చింది.

ఎస్సై ఉద్యోగం రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. చివరికి ఆ సర్టిఫికెట్ చూసే హాస్టల్ ఓనరు గజేందర్ ఆమెను పనిలో పెట్టుకున్నాడు. అదే గజేందర్ ఆ సోమవారం ఆమెను తన గదిలోకి పిలిచి, టేబులు మీద ఒక రిజిస్టరు తెరిచిపెట్టాడు. నెలకొక ఫైర్ డ్రిల్ చొప్పున పన్నెండు నెలల తేదీలు వేసి ఉన్నాయి. సంతకాల చోటు ఖాళీ.

"రేపు పదకొండింటికి ఫైరాఫీసోళ్లు తనిఖీకి వస్తున్నరు. సంతకాలు వెట్టు."

"డ్రిల్ ఎన్నడు చేసినం సార్?"

"చేసినమనుకో."

"వెనక మెట్లకు తాళం ఉన్నది సార్. మెట్ల నిండ పాత పరుపులున్నయ్. రెండొందల మంది పిల్లలకు దిగెతందుకు ఒక్కటే దారి. ఏమన్న అయితే ఎట్ల?"

"కాయితం సక్కగుంటే మెట్లెవడు ఎక్కి చూస్తడు?" గజేందర్ గొంతు తగ్గించాడు. "పెద్ద అంబర్‌పేట్‌ల కొత్త బ్రాంచి తెరుస్తున్నం. మేనేజర్‌వు నువ్వే. ఉండెతందుకు రెండు గదులు ఇస్త, మీ అమ్మను గూడ తెచ్చుకో. కాదంటవా, గేటు కాడ నిలబడెటోళ్లు ఈ ఊర్ల మస్తుమంది."

యాదలక్ష్మికి కిరాయి ఇల్లు గుర్తొచ్చింది, తల్లి మోకాళ్లు గుర్తొచ్చాయి. తల వంచి పెన్ను అందుకోబోయింది. చెయ్యి తొడను విడిచి రాలేదు. గోడ మీద నీడ పిడికిలి బిగించే ఉంది.

"నీ నీడకు జర మర్యాద నేర్పియ్యి" అన్నాడు గజేందర్ విసుగ్గా. "పొద్దుగాల దాకా టైమిస్తున్న."

ఇంట్లో సైదమ్మ సంగతంతా విని చాలాసేపు మోకాలు రుద్దుకుంది. "సంతకమే గద బిడ్డా. లోకమంత పెడ్తలేదా?" అంది. అన్నదే గానీ, కూతురి మొహం చూడలేకపోయింది.

యాదలక్ష్మి ఇంకా ఎండ ఉండగానే బస్సెక్కి నాగోల్ వెళ్లింది. రిటైరైన మల్లికార్జునరావు అక్కడ మూడో అంతస్తులో ఉంటున్నాడు. తలుపు తీసి ముందు ఆమెను కాదు, నీడను చూశాడు.

"ఇంకా అలాగే ఉందా అమ్మా? మా ఆవిడ కోసం పరిగెత్తాను ఆ రోజు. మర్నాడైనా వచ్చి చెప్పాల్సింది. సిగ్గేసి రాలేకపోయాను."

"ఇప్పుడు చెప్పుండ్రి సార్. పన్నెండేండ్లు నిలబడ్డ. ఇగ నాతోని కాదు. నేను గూడ అందరి లెక్క బతుకుత."

ఆయన లుంగీ విప్పి పాంటు వేసుకొచ్చి, ఆమెను డాబా మీదికి తీసుకెళ్లాడు. ఎదురుగా నిలబడి, అరవై దాటిన గొంతుతో "విసర్జన్" అన్నాడు. నీడ కుడివైపు తిరిగి సెల్యూట్ కొట్టింది. తర్వాత దాని భుజాలు జారిపోయాయి. తిరుగు బస్సులో అది కిటికీ కింద వాలి, రెండు డ్యూటీలు చేసిన మనిషిలా పడుకుంది. యాదలక్ష్మికి ఒళ్లు తేలికైంది. ఆ తేలికలో ఎందుకో ఏడుపొచ్చింది, ఎవరు చూస్తే ఏమని బస్సులోనే ఏడ్చింది.

మంగళవారం పొద్దున ఆమె కంటే ముందు నీడే గజేందర్ టేబులు మీదికి వంగింది. ఆయన మొహం వెలిగింది.

"గిట్లుండాలె" అని పెన్ను ముందుకు తోశాడు. నీడ చెయ్యి చాపి పెన్ను నీడను పట్టుకుంది కూడా.

సరిగ్గా అప్పుడే యాదలక్ష్మి మడమలు రెండూ టక్కుమని కలిశాయి. ఎవరూ చెప్పలేదు. వెన్ను నిలిచింది, మెడ లేచింది. నీడ వంగే ఉంది, వంగనిది ఈసారి ఆమె. ఆ రోజు గ్రౌండులో సాయంత్రం దాకా నిలబడింది నీడ కాదు, తనే. పన్నెండేళ్లుగా ఆ పేరంతా నీడ కొట్టేసింది. తలుచుకుంటే నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది.

"సంతకం పెడ్త సార్. డ్రిల్ అయినంక."

బయటికొచ్చి పెద్ద బెల్లు నొక్కి పట్టుకుంది. అన్ని గదుల్లోంచీ పిల్లలు తొంగిచూశారు. వెనక మెట్ల తాళంచెవి గజేందర్ జేబులో ఉంది. వంటామె భూలక్ష్మి కారం దంచే ఇనుప రోకలి తెచ్చి చేతికిచ్చింది. మూడో దెబ్బకు తాళం ఊడింది. పరుపులు పిల్లలే మోసి కింద పడేశారు. తర్వాత అందరినీ మళ్లీ గదుల్లోకి పంపి, మళ్లీ బెల్లు కొట్టి, ఆ మెట్ల మీదుగా రెండొందల మందినీ వాకిట్లోకి దింపింది.

"నీ నౌకరి పోయింది" అని మెట్ల మీది నుంచి గజేందర్ అరిచాడు.

"మంచిది సార్."

గదిలోకెళ్లి రిజిస్టరులో కొత్త పేజీ తీసి రాసింది: 'ఈ రోజు ఒక డ్రిల్ జరిగింది. నాలుగు నిమిషాల పది సెకన్లు. దీనికి ముందు జరగలేదు.' కింద సంతకం పెట్టింది. చెయ్యి హాయిగా కదిలింది.

అప్పుడు వాకిట్లోకొచ్చి పిల్లలను పది వరసల్లో నిలబెట్టింది. వాళ్లు నవ్వుకుంటున్నారు, చున్నీలు సర్దుకుంటున్నారు. యాదలక్ష్మి ఊపిరి నిండా పీల్చి "సావధాన్" అంది. రెండొందల జతల చెప్పులు తలా ఒక తీరుగా చప్పుడు చేశాయి. వాకిలి నిండా నీడలు నిటారుగా లేచాయి.

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని, విజిల్ హాస్టల్ వాచ్‌మన్‌కు అప్పగించి, గేటు బయట వదులైన బూటు తాడు కట్టుకోసాగింది.

లోపల గజేందర్ అందరినీ పైకి పొమ్మన్నాడు. పిల్లలు కదిలారు. కొందరు గోడవారన కూర్చున్నారు. నీడలు మాత్రం నిలబడే ఉన్నాయి. ఆయన దగ్గరలో ఉన్న సింధును పిలిచాడు. ఏమన్నా తలూపి పోయే పిల్ల అది.

"వచ్చినోళ్లు అడిగితే నెల నెల డ్రిల్ అయితదని చెప్పాలె. సమజైందా?"

సింధు తల వంచుకుంది. పక్కన తన నీడను చూసింది. తల ఎత్తింది.

"గిదే మొదటిది సార్."

"నువ్వు చెప్పు" అన్నాడాయన వెనకున్న పిల్లతో.

"గిదే మొదటిది సార్" అంది ఆ పిల్ల కూడా. మూడో పిల్ల అడగకముందే చెప్పింది.

హాస్టల్ సందు మొదట్లో తనిఖీవాళ్ల జీపు తిరిగింది. గజేందర్ చెప్పుల్లేకుండా గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు.

"యాదలక్ష్మీ, జర ఆగు. గా మాటేదో చెప్పి పో. విసర్జన్ అను. నీ నౌకరి నీకే ఇస్త, పెద్ద అంబర్‌పేట్ బ్రాంచి గూడ నీదే."

యాదలక్ష్మి లేచి నిలబడి లోపలికి చూసింది. ఒక్క నీడ కూడా వంగలేదు.

"ఆనాడు మా సార్ మర్చిపోయిండు సార్" అంది. "నేను మర్చిపోలే."

జీపుకు దారి ఇచ్చి, మెట్రో స్టేషన్ వైపు నడిచింది. పక్కన ఆమె నీడ టిఫిన్ డబ్బా ఊపుకుంటూ తీరిగ్గా నడిచింది.